అంగుళం ఖరీదు

(పద్నాలుగో వారం)

"ఈ ఇంట్లో కొందరికి ఉప్పు ఎక్కువైనా తెలియదు, తక్కువైనా తెలియదు," అంది సెలు, గిన్నెతో.

గిన్నె బదులు చెప్పలేదు. వెనక తలుపు దగ్గర కుర్చీలో కూర్చున్న మోసెసే కూడా చెప్పలేదు. ఆ మాట తనకేనని ఆయనకు తెలుసు. గురువారం నుంచి కోడలు ఆయనతో చెప్పవలసినవన్నీ గిన్నెలకూ గరిటెలకూ చెబుతోంది. ఇవాళ ఆదివారం. నాలుగో రోజు.

చివరికి ఆయనే అన్నాడు, పెరట్లోకి చూస్తూ.

"ఉప్పు సరిగ్గానే ఉందని గిన్నెతో చెప్పు."

"రుచి చూడకుండా చెప్పేవాళ్ల మాట వినొద్దని గిన్నెకి ఎప్పుడో చెప్పాను."

చర్చి నుంచి వచ్చి గంటయింది. టోంగా దీవులవాళ్లు గౌరవానికి చుట్టుకునే చాపను మోసెసే నడుము నుంచి ఇంకా విప్పలేదు. అక్క భోజనానికి వస్తోంది. అక్క వచ్చి వెళ్లేదాకా విప్పడు.

ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద సెలు భర్త కెలెపికి అమెరికన్ ఫుట్‌బాల్ క్లబ్బు పంపిన కాగితం ఉంది. మూడేళ్ల ఒప్పందం, ఏడాదికి పదకొండు మిలియన్ డాలర్లు. అందులో ఒక మాట చుట్టూ సెలు ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టింది. ఆమె ఐదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతుంది. తప్పు కనిపిస్తే సున్నా చుట్టడం అలవాటు. ఆ మాట 'లోపలి'. కెలెపి లవాకా, ఎదుటి జట్టును ఆపే అడ్డువరసలో లోపలి మనిషి.

ఆ చోట 'అంచు' అని ఉంటే అంకె ఇరవై అయ్యేది.

ఆరేళ్లు కెలెపి అంచునే ఆడాడు. పోయిన నవంబరులో క్లబ్బు వరస మధ్యలో నిలబడే డగన్‌కి మోకాలు విరిగింది. ఆ చోట నిలబడమని కోచ్ కెలెపిని అడిగాడు. కెలెపి వెళ్లి నిలబడ్డాడు. ఏజెంటుకు చెప్పలేదు, కాగితం అడగలేదు. ఎనిమిది వారాలు అక్కడే. కాగితం వచ్చిన గురువారం సాయంత్రం సెలు అడిగింది, ఎవరు వెళ్లమన్నారని. కెలెపి నోరు తెరిచేలోపు మోసెసే "నేనే" అన్నాడు.

ఆయన ఇరవై రెండేళ్లు ఊరి స్కూల్లో అడ్డువరసకు కోచ్. పెట్టిన చోట నిలబడు అనేది ఆయన పాఠం. సెలు నమ్మింది. అప్పటి నుంచి గిన్నెలతో మాట్లాడుతోంది.

జవాబు చెప్పడానికి రేపు సోమవారం పొద్దున పది గంటలదాకా గడువు.

కెలెపి పెరట్లోంచి వచ్చాడు. రెండు చేతులా ట్రే, ట్రే నిండా చేమాకు పొట్లాలు. కొబ్బరిపాలు, డబ్బా మాంసం, ఉల్లిపాయ లోపల పెట్టి కట్టి, గోతిపొయ్యిలో కాల్చిన రాళ్ల మీద రెండున్నర గంటలు ఉంచినవి. గుమ్మం దాటడానికి పక్కకు తిరిగాడు. గత ఏడాది ఇలా తిరగాల్సి వచ్చేది కాదు.

"అత్త వచ్చాక ఈ సంగతి ఎత్తకు," అన్నాడు మెల్లగా.

"ఎందుకు?"

"ఆదివారం. పెద్దావిడ."

"పెద్దావిడ కాబట్టే ఎత్తాలి. మీ నాన్నని నిలదీయగలిగింది ఈ భూమ్మీద ఆవిడొక్కతే."

కెలెపి తండ్రి వైపు చూశాడు. తండ్రి పెరట్లో మట్టికుప్ప వైపు చూశాడు.

"ఇరవై ఎనిమిదేళ్లు వచ్చాయి నీకు," అంది సెలు. "మోకాళ్లు ఇంకో నాలుగేళ్లు నిలబడతాయి. పెద్ద కాగితం ఇదే, మళ్లీ రాదు. తెలుసా?"

"తెలుసు."

"తెలిసి పొట్లాలు మోస్తున్నావు."

"వేడిగా ఉన్నాయి, సెలూ. ఎక్కడ పెట్టను?"

"లోపల పెట్టు. నీకు అలవాటేగా."

కెలెపి నవ్వాడు. సెలు నవ్వలేదు, కానీ బల్ల మీద చోటు చేసింది.

*

అనసేయిని చర్చి వ్యానులోంచి దిగే చప్పుడు విని మోసెసే లేచి తన కుర్చీని గుమ్మం అవతల పెట్టుకున్నాడు. టోంగా ఆచారంలో అక్క కూర్చున్న గదిలో తమ్ముడు కూర్చోడు. మాట వినపడేంత దూరం, ముఖం కనపడనంత పక్క. అరవై ఏళ్లుగా ఆ అక్కాతమ్ముళ్ల మధ్య దూరం అంతే. ఆమెతో చెప్పవలసింది ఉంటే మధ్యలో ఎవరో ఒకరు ఉండాలి.

అనసేయిని ఇరవై ఏడేళ్లు విమానాశ్రయంలో సామాను ఎక్కించే పని చేసింది. చివరి పదేళ్లు ఆ ముఠాకు మేస్త్రీ. ఇంట్లోకి వస్తూనే అందరి చేతుల వైపు చూస్తుంది, ఎవరు ఏం మోస్తున్నారని.

ఆమె బల్ల తలవైపు కూర్చుంది. పందిపిల్ల వీపు ముక్క ఆమె పళ్లెంలోకి వెళ్లింది. ప్రార్థన కెలెపి చేశాడు. పొట్లాల ఆవిరి తగ్గకముందే ముగించాడు.

"ఉప్పు బాగుంది," అంది అనసేయిని మొదటి ముద్ద తిని.

గుమ్మం అవతలి నుంచి మోసెసే గొంతు వచ్చింది. "సెలూ, అక్కకి చెప్పు. నేనూ అదే అన్నానని."

సెలు గరిటె అందుకుంది. "ఎవరేమన్నా నువ్వు పట్టించుకోకు," అంది దానితో.

అనసేయిని ఆమె వైపు చూసింది. గరిటె వైపు చూసింది.

"ఈ ఇంట్లో మనుషులు మనుషులతో మాట్లాడటం మానేసి ఎన్నాళ్లయింది?"

సెలు గరిటె కింద పెట్టింది.

"వాడు నాతో మాట్లాడడు, అది మా పద్ధతి. నువ్వు వాడితో మాట్లాడవు, ఇదెక్కడి పద్ధతి? కెలెపీ, నువ్వు ఎవరితో మాట్లాడటం లేదు?"

"నేను అందరితో మాట్లాడుతున్నా, అత్తా. నాతోనే ఎవరూ మాట్లాడటం లేదు."

సెలు లేచి ఫ్రిజ్ మీది కాగితం తెచ్చి ఆమె ముందు పెట్టింది. అనసేయిని కళ్లజోడు పెట్టుకుని చదివింది. రెండో పేజీ కూడా తిప్పి చదివింది.

"పదకొండు మిలియన్లు తక్కువా? నేను ఇరవై ఏడేళ్లు మోసిన పెట్టెలన్నీ కలిపి అమ్మినా అంత రాదు."

"తక్కువ కాదు అత్తయ్యా. తప్పు."

"అర్థమయ్యేలా చెప్పు. ఆట నేను చూస్తాను. వీడి వీపు మీద అంకె కనిపిస్తే చప్పట్లు కొడతాను. ఎక్కడ నిలబడ్డాడని ఎప్పుడూ చూడలేదు."

సెలు బల్ల మీద ఐదు చేమదుంపలు వరసగా పేర్చింది. వాటి వెనక ఉప్పుడబ్బా పెట్టింది.

"ఈ ఐదుగురూ అవతలి జట్టు గోడ. ఉప్పుడబ్బా బంతి విసిరేవాడు. వాడు బంతి విసిరేలోపు గోడ దాటి వాణ్ని పడగొట్టాలి. ఇదిగో, వీడు మన కెలెపి."

ఒక చేమాకు పొట్లం తీసి చివరి దుంపకు బయటి వైపు పెట్టింది.

"ఇది అంచు. ఇక్కడ ఒక్కడిని తప్పించుకుంటే చాలు, ఉప్పుడబ్బా. పడగొడితే టీవీలో పేరు. లెక్కలో ఒక అంకె. ఏడాది చివర ఆ అంకెలు చూసి డబ్బిస్తారు."

పొట్లం తీసి మధ్య దుంపకు ఎదురుగా పెట్టింది.

"ఇది ముక్కు. ఇక్కడ నిలబడితే ఇద్దరు మీద పడతారు. ఒక్కోసారి ముగ్గురు. వాళ్లని పట్టుకుని కదలకుండా ఉండాలి. పట్టుకున్నందుకు అంకె లేదు."

"వీడు ఇద్దరిని పట్టుకుంటే ఉప్పుడబ్బాని ఎవడు పడగొడతాడు?"

"అంచున ఉన్నవాడు."

"అంటే వీడు మోస్తే వాడికి డబ్బు."

"అంతే అత్తయ్యా."

అనసేయిని తల ఊపింది. "గొయ్యి తవ్వి, రాళ్లు కాల్చినవాణ్ని ఎవరు తలుచుకుంటారు? పందిని కోసి పంచినవాడికే అందరూ బాగుందని చెబుతారు."

"సెలూ, అక్కకి చెప్పు," అంది గుమ్మం. "ఇవాళ గొయ్యి తవ్వింది నేనే."

"విన్నానని వాడికి చెప్పు."

"మధ్యలో నిలబడితే కూడా బాగానే ఉంటుంది, అత్తా," అన్నాడు కెలెపి. అతను అప్పటిదాకా నాలుగు పొట్లాలు తిన్నాడు. "అంచున నేనూ, నా ఎదురుగా ఒకడూ, అంతే. మధ్యలో అందరి ఊపిరీ వినిపిస్తుంది. ఇద్దరూ నా మీద పడ్డారా, పక్కన మావాడికి దారి దొరికిందని నాకు చూడకుండానే తెలుస్తుంది. ఆ ఎనిమిది వారాల్లో ఒక్క ఆటే ఓడిపోయాం."

"దానికి డబ్బివ్వరు," అంది సెలు.

"ఇవ్వరనుకో."

సెలు తన నోటు పుస్తకం తెచ్చింది. శుక్రవారం, శనివారం కూర్చుని పోయిన ఏడాది ఆటలన్నీ మళ్లీ చూసింది. బంతి కదిలిన ప్రతిసారీ, వంగి నిలబడ్డ భర్త చెయ్యి నేల మీద ఎక్కడ ఆనిందో గీత గీసింది.

"బంతి కదిలింది ఎనిమిది వందల పన్నెండు సార్లు. లోపల నాలుగు వందల ముప్పై ఒకటి, అంచున మూడు వందల ఎనభై ఒకటి అని క్లబ్బు లెక్క. సగం కన్నా ఎక్కువ లోపల కాబట్టి లోపలి మనిషి. కానీ ఆ లోపలివాటిలో తొంభై ఏడు ఇలా ఉన్నాయి."

పొట్లాన్ని చివరి దుంప లోపలి భుజానికి ఎదురుగా పెట్టింది. అనసేయిని వంగి చూసింది. తర్వాత వేలితో పొట్లాన్ని బయటికి జరిపింది.

"ఇక్కడుంటే?"

"అంచు."

వెనక్కి జరిపింది. "ఇక్కడ?"

"క్లబ్బు లెక్కలో లోపల. నా లెక్కలో ఇది కూడా అంచే."

"ఎంత జరిపాను?"

"అంగుళం."

"అంగుళం ఖరీదు ఎంత?"

"ఏడాదికి తొమ్మిది మిలియన్లు."

అనసేయిని కళ్లజోడు తీసింది. "టెక్సస్‌లో నేల అంగుళం అంత పలికితే నా పెరడు అమ్మేసి టోంగాకి ఓడలో వెళ్లను. ఓడే కొనుక్కుని వెళ్తాను."

గుమ్మం అవతల నవ్వు వినిపించింది. వెంటనే ఆగిపోయింది. పొట్లాన్ని అనసేయిని మళ్లీ బయటికి జరిపి, దుంపకు అవతల, అంచున వదిలింది.

"సరే. వీణ్ని అక్కడి నుంచి లోపలికి వెళ్లమన్నది ఎవరు?"

కెలెపి నమలడం ఆపాడు.

సెలు గుమ్మం వైపు చూసింది. "మావయ్య."

"మోసెసేనా?"

"సెలూ, అక్కకి చెప్పు," అన్నాడు మోసెసే. గొంతు ఎప్పటిలాగే ఉంది. "నేనే చెప్పాను."

అనసేయిని ఫోర్కు పళ్లెం పక్కన పెట్టింది.

"కెలెపీ. మీ నాన్న చెప్పాడా?"

కెలెపి తన జీవితంలో కొన్ని అబద్ధాలు చెప్పాడు. టీచర్లకు చెప్పాడు, తండ్రికి చెప్పాడు, పెళ్లికి ముందు సెలుకి రెండు చెప్పాడు. మేనత్తకు మాత్రం చెప్పలేదు. టోంగా ఇంట్లో తండ్రి మాట వినాలి. తండ్రి వినేది అక్క మాట. అందుకే మేనత్తను మించిన మనిషి ఉండదు. ఆమె అడిగితే ఉన్నది చెప్పాలి, ఆమె కోరితే ఉన్నది ఇవ్వాలి.

"లేదు, అత్తా."

"మరి ఎవరు చెప్పారు?"

"మీరు."

*

అనసేయిని పళ్లేన్ని పక్కకు జరిపింది.

"నేనా? ఎప్పుడు?"

"నవంబరులో. మంగళవారం. మీరు చర్చి వంటింట్లో కొబ్బరి తురుముతున్నారు. ఫోన్ చేశాను. మధ్యలో ఒకడు పడిపోయాడు, నన్ను అక్కడ నిలబడమంటున్నారు అన్నాను."

అనసేయినికి గుర్తొచ్చింది.

"పడిపోయినవాడి బరువు ఎవరు మోస్తారని అడుగుతావేంటి, వెళ్లి మొయ్యి అన్నాను."

"అవునత్తా."

"రెండు నిమిషాల ఫోను అది."

"అవునత్తా."

"రెండు నిమిషాలకి ఏడాదికి తొమ్మిది మిలియన్లు. ఇంత ఖరీదైన ఫోను నేను ఎప్పుడూ మాట్లాడలేదు."

ఆమె కాగితం మళ్లీ ముందుకు లాక్కుంది. కానీ చదవలేదు.

"నాకు తెలిసి ఉండాల్సింది. ఎయిర్‌పోర్ట్‌లో ఒకసారి నన్ను ఆరు వారాలు సామాను బెల్టు దగ్గర నుంచి తీసి ఊడ్చే పనికి పంపారు. మనిషి తక్కువైంది, సాయం చెయ్యి అన్నారు. చేశాను. తర్వాత జీతం ఊడ్చే పని రేటుకే ఇచ్చారు. యూనియన్ మనిషి ఒక్కటే అడిగాడు, తాత్కాలికం అని రాయించుకున్నావా అని. రాయించుకోలేదు. ఆ తర్వాత ఆ మాట కాగితం మీద పడితే తప్ప నేను చీపురు ముట్టలేదు. వీడికి మొయ్యమని చెప్పాను. రాయించుకోమని చెప్పడం మర్చిపోయాను."

సెలు ఆమె వైపు చూడలేకపోయింది. మేనత్తను తప్పుపట్టే మాట ఆమెకు ఏ భాషలోనూ తెలియదు. లేచి గుమ్మం దగ్గరికి వెళ్లింది.

"గురువారమే చెప్పొచ్చు కదా, మావయ్యా."

నాలుగు రోజుల తర్వాత ఆమె ఆయనతో నేరుగా అన్న మొదటి మాట అది.

"ఎలా చెబుతాను? అక్క పేరు చెప్పి నీ కోపాన్ని ఆమె ఇంటికి పంపించడానికి నేను తమ్ముణ్నా, పోస్టుమ్యాన్‌నా?"

"నాలుగు రోజులు నాతో తిట్లు తిన్నారు."

"నన్నా? గిన్నెల్ని కదూ తిట్టావు." మోసెసే పెరట్లోకి చూస్తున్నాడు. "కెలెపి వాళ్లమ్మ పోయి మూడేళ్లయింది. ఆ తర్వాత ఈ ఇంట్లో నన్ను తిట్టినవాళ్లు లేరు. నాలుగు రోజులు ఇల్లు ఇల్లులా ఉంది."

సెలు లోపలికి వచ్చింది.

అనసేయిని రెండో పేజీ మీద వేలు పెట్టి ఉంది.

"ఇది నేను చెప్పలేదు. సెప్టెంబరులో బరువు రెండు వందల డెబ్భై ఒక్క పౌన్లు. జనవరిలో మూడు వందల మూడు. ఇంత బరువు మనిషి అంచున పరిగెత్తలేడు, కాబట్టి లోపలివాడే అంటున్నారు. ముప్పై రెండు పౌన్లు వీడికి ఎక్కడి నుంచి వచ్చాయి?"

కెలెపి తన పళ్లెంలోకి చూసుకున్నాడు. ఐదో పొట్లం సగం ఉంది.

"ఎవరు పెట్టారు?"

"నేనే," అంది సెలు.

"నువ్వా?"

"ఇద్దరు మీద పడతారని ఫోన్‌లో చెప్పాడు. నాకు భయమేసింది. పల్చగా ఉన్నాడు, విరిచేస్తారనుకున్నాను. రెండు వారాలకోసారి ఐస్ డబ్బా నిండా పొట్లాలు పట్టుకుని విమానం ఎక్కాను. నాలుగుసార్లు."

"ఐదు," అన్నాడు కెలెపి. "క్రిస్మస్‌కి మళ్లీ వచ్చావు."

"సెలూ, అక్కకి చెప్పు," అన్నాడు మోసెసే. "చర్చి ఆడవాళ్లు కూడా డబ్బాలు పంపారు. ఎవరు కట్టారో నాకు తెలియదు."

"నేనే కట్టాను," అంది అనసేయిని.

ఆమె కాగితాన్ని మడిచి పక్కన పెట్టింది.

"అయితే క్లబ్బుని అనాల్సింది ఏముంది? వీణ్ని లోపలికి తోసింది మనమే. నేను నోటితో. నువ్వు గరిటెతో."

సెలు ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత తీసేసింది. నవ్వు ఆగలేదు. కెలెపి నవ్వాడు. గుమ్మం అవతల కుర్చీ కిర్రుమంది. అనసేయిని మాత్రం నవ్వకుండా తన పందిముక్క తింది. ఆమె నవ్వించినప్పుడు ఎప్పుడూ నవ్వదు.

సెలు ఒక పళ్లెంలో రెండు పొట్లాలు, పందిమాంసం, దుంపముక్క పెట్టి గుమ్మం దగ్గరికి తీసుకెళ్లింది. రెండు చేతులా అందించింది.

"ఉప్పు చూడండి, మావయ్యా."

"సరిగ్గానే ఉంది."

"తినకుండానే?"

"తిన్నాక మాట మారుస్తానా?"

*

ఫోన్ మోగేటప్పటికి కుండలో కొబ్బరిపాల పాయసం సగమైంది. ఏజెంటు గ్రేడీ. సెలు ఫోన్‌ను బల్ల మీద పెట్టి అందరికీ వినపడేలా నొక్కింది.

"ఆదివారం. క్షమించండి," అన్నాడు గ్రేడీ. "మీరంతా కూర్చునే ఉన్నారా?"

"తింటున్నాం. కూర్చోకుండా ఎలా తింటాం?" అంది సెలు.

"డగన్‌తో క్లబ్బు మళ్లీ సంతకం చేయించుకుంది. గంట కిందట. రెండేళ్లు. మోకాలు బాగైంది."

సెలు బల్ల మీది మధ్య దుంప వైపు చూసింది. "ముక్కు మీద నిలబడే మనిషి వాళ్లకి వచ్చేశాడు."

"మరి కెలెపి ఎక్కడ నిలబడతాడు? అదే అడిగాను. ఇద్దరినీ ఒకే చోట నిలబెడతారా అన్నాను. అరగంట గొణిగారు. నువ్వు నిన్న పంపిన తొంభై ఏడు లెక్క కూడా చదివి వినిపించాను, సెలూ. అంచు ధరకి దిగొచ్చారు. ఏడాదికి పంతొమ్మిదిన్నర."

సెలు కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాపింది. అందింది. కూర్చుంది.

"ఇంకోసారి చెప్పు."

"పంతొమ్మిదిన్నర మిలియన్లు. మూడేళ్లు. వేసవిలోపు బరువు తగ్గాలి. అది చూసుకోండి."

"తగ్గిస్తాను," అంది సెలు. కెలెపి ముందున్న కుండ తీసి తన వైపు పెట్టుకుంది.

"ఒక్క సంగతి. రేపు పదింటికి వీడియోలో కోచ్, మేనేజర్ ఇద్దరూ ఉంటారు. కెలెపిని ఒకటే అడుగుతారు, ఎక్కడ ఆడాలని ఉంది అని. అంచున అనాలి. ఒకే మాట. ఎక్కడైనా సరే అన్నాడా, అయిపోయాం. ఎక్కడైనా సరే అన్నవాణ్ని ధర తక్కువ చోట పెట్టడమే వాళ్ల పని. లోపల కూడా బాగుంది అన్నాడా, ఇంక చెప్పక్కర్లేదు. విన్నాడా?"

"విన్నాడు," అంది సెలు.

పెరట్లో మోసెసే లేచి నిలబడ్డాడు. చర్చిలో పొద్దున పాడిన పాట అందుకున్నాడు. ఆయన గొంతు వయసులో ఉన్నప్పుడు కూడా అంత బాగుండేది కాదు. పక్కింటి కుక్క కూడా కలిసింది.

సెలు లేచి కెలెపి తల పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టింది. నోటు పుస్తకం మూసింది. మూసి, దాని మీద రెండు అరచేతులూ ఆనించింది. తర్వాత బల్ల సర్దడం మొదలుపెట్టింది. ఉప్పుడబ్బా దాని చోటికి వెళ్లింది. ఒక్కో దుంపా గిన్నెలోకి వెళుతోంది.

"ఆగు," అంది అనసేయిని.

సెలు ఆగింది. చేతిలో ఒక దుంప. బల్ల మీద ఇంకా మూడు.

"ఈ పొట్లాన్ని నేను అంచున వదిలాను. నాకు బాగా గుర్తు. మీరు ఫోన్‌లో మాట్లాడుతున్నప్పుడు జరిగింది."

పొట్లం మధ్య దుంపకు ఎదురుగా ఉంది. కెలెపి చెయ్యి దాని మీద ఉంది.

ఫోన్ వచ్చినప్పటి నుంచి కెలెపి ఒక్క మాట కూడా మాట్లాడలేదని సెలుకి అప్పుడు తట్టింది.

"కెలెపీ," అంది అనసేయిని. "రేపు వాళ్లు అడిగేది ఇవాళ నేను అడుగుతున్నాను. నీకు ఎక్కడ నిలబడాలని ఉంది?"

పెరట్లో పాట మధ్యలో ఆగింది. కుక్క ఇంకో పాదం పాడి అదీ ఆగింది.

సెలు చేతిలోని దుంపను గిన్నెలో వెయ్యలేదు, బల్ల మీదా పెట్టలేదు. భర్త ముఖం వైపే చూస్తోంది. మేనత్త అడిగితే అతను ఉన్నదే చెబుతాడని ఆమెకు తెలిసి గంట కూడా కాలేదు.

"హలో?" అన్నాడు గ్రేడీ. ఫోన్ పెట్టెయ్యడం అందరూ మర్చిపోయారు. అతనికి టోంగా భాష రాదు. "అక్కడ ఎవరు ఎవర్ని ఏం అడుగుతున్నారు? హలో?"

"అత్తా," అన్నాడు కెలెపి. పొట్లం మీది నుంచి చెయ్యి తియ్యలేదు.